మా అన్న పేరుతో మూడేళ్లు

పద్నాలుగు నిండినప్పటి నుంచి పదిహేడు నిండబోయే దాకా నేను మా అన్నగా ఉన్నాను. మేడ్చల్ పారిశ్రామికవాడలో సీసా మూతలు చేసే ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీ ఉండేది. దాని రిజిస్టరులో ఉన్నది మా అన్న, మిషన్ ముందు నిలబడ్డది నేను. జీతం కవరు మీద ఆయన పేరు ఉండేది, చెమట నాది. ఇది చెప్పినప్పుడల్లా జనం నవ్వుతారు. నేను కూడా నవ్వించడానికే చెప్తాను. కానీ ఒక్కసారి కూర్చుని మొత్తం రాస్తే ఎంత నవ్వు మిగులుతుందో చూద్దామని ఇప్పుడు రాస్తున్నాను.

బడి నేను మానలేదు, బడీ నేనూ ఒకరినొకరం మానుకున్నాం. ఎనిమిదో తరగతిలో లెక్కల సారు ప్రతి లెక్కకు ముందు ప్యాంటు ఒకసారి పైకి లాక్కునేవారు. లెక్క పెద్దదైతే రెండుసార్లు. నేను బల్ల మీదెక్కి అది చేసి చూపిస్తుంటే క్లాసు మొత్తం నవ్వి, ఉన్నట్టుండి ఆగిపోయింది. సారు వెనక నిలబడి ఉన్నారు. మీ నాన్నను తీసుకొస్తేనే లోపలికి రమ్మన్నారు. మా బాపు అప్పుడు కొంపల్లిలో విల్లాలు కడుతున్నచోట కాంక్రీటు మోసేవాడు. ఆయన బడికి రావాలంటే ఒక రోజు పని పోతుంది. రేపు చెప్దామనుకున్నాను. ఆ రేపు నెల రోజులు సాగింది. రోజూ పుస్తకాల సంచి వేసుకుని రైలు పట్టాల దాకా వెళ్లి, సాయంత్రం తిరిగొచ్చేవాణ్ణి. బాపుకు తెలిసేసరికి నా పేరు హాజరు పట్టీలోంచి కొట్టేశారు. టీసీ చేతిలో పెట్టి పంపారు.

బాపు కొట్టలేదు. "ఇగ ఏం జేస్తవురా?" అని మాత్రం అడిగాడు.

"ఏదన్న పని జేస్త."

"నీకెవడిస్తడు పని? పద్నాలుగేండ్లు గూడ నిన్న మొన్ననే నిండె."

ఆయన అన్నది నిజమే, కానీ సగం నిజం. మా చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పద్దెనిమిది నిండినవాడికి పుట్టిన తేదీ ఉన్న ఒక్క కాగితం, బడి టీసీ, చాలు. నిండకపోతే అది పెద్ద తతంగం. సర్కారీ డాక్టరు చూసి వీడు పనికి తగును అని రాసివ్వాలి, దానికి గుర్తుగా నంబరున్న టోకెను ఇవ్వాలి, వేరే రిజిస్టరు పెట్టాలి, పదిహేను నిండనివాడైతే సగం పూట మించి పని చేయించకూడదు. ఇంత బాధ ఎవరు పడతారు? అందుకని ఫ్యాక్టరీవాళ్లు పిల్లలను వద్దనేవాళ్లు కాదు, పిల్లల కాగితాలను వద్దనేవాళ్లు.

దానికి మా గల్లీలో ఒక పద్ధతి ఉండేది. ఇంట్లో పెద్దకొడుకు టీసీని ప్లాస్టిక్ కవరులో చుట్టి, రేకు పెట్టెలో అడుగున పెట్టేవాళ్లు. అది ఇంటికి ఒక్కటే ఉన్న గొడుగులాంటిది. ఎవరు బయటికి పోతే వాళ్లు పట్టుకుపోతారు. అన్న కాగితం మీద తమ్ముడు, అక్క కాగితం మీద చెల్లె. మా ఎదురింట్లో ఒకే టీసీ మీద వరసగా ముగ్గురు అన్నదమ్ములు పనిచేశారు. ఆ కాగితం మడతల దగ్గర నాలుగు ముక్కలైతే గమ్ముతో అతికించి మరీ నాలుగోవాడి కోసం దాచారు.

మా అన్న నాకంటే నాలుగేళ్లు పెద్ద. పదో తరగతి తప్పి, లారీ మీద క్లీనరుగా పోయాడు. నెలకో రెండు నెలలకో ఒకసారి వచ్చేవాడు. మా అమ్మ శామీర్‌పేట వైపు కోళ్లఫారంలో గుడ్లు ఏరే పనికి పోయేది. ఆ రోజు పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, పెట్టె తెరిచింది.

"వాడు లారీ మీదనే తిరుగుతుండు. కాగితం ఊకెనే పెట్టెల పడున్నది. కొన్ని దినాలు నువ్వు వాడుకో. నీకు ఈడొచ్చినంక నీది పెట్టుకుందువు."

"పేర్లు గలిసిపోతే?" అన్నాడు బాపు.

"పేరుదేముంది? ఇద్దరు నా కడుపుల పుట్టినోళ్లే కదా."

బాపు కవరు విప్పి, కాగితం నా చేతిలో పెట్టాడు.

ఫ్యాక్టరీ సూపర్‌వైజరు కోస్తా జిల్లాల నుంచి వచ్చినాయన. కొత్తగా వెలసిన కాలనీలో ఉంటూ స్కూటరు మీద వచ్చేవాడు. ముందు కాగితం చూశాడు, తర్వాత నన్ను చూశాడు, మళ్లీ కాగితం చూశాడు.

"పద్దెనిమిదేళ్లా నీకు?"

"అవును సార్."

"మీసం ఏదయ్యా?"

"మా ఇంట్ల మీసం లేటు సార్. మా తాతకైతే పెండ్లయినంక వచ్చిందంట."

ఆయన నవ్వాడు. పక్కనున్న స్టోరు గుమాస్తా కూడా నవ్వాడు. టీసీ ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశారు. ఒరిజినల్ వాళ్ల దగ్గరే ఉంటుందట, అది రూలు. రిజిస్టరులో సంతకం పెట్టమన్నారు. మా అన్న సంతకం ఎలా ఉంటుందో నాకు తెలియదు. అప్పటికప్పుడు ఒకటి తయారుచేశాను. చివర ఒక గీత పొడుగ్గా లాగి కింద రెండు చుక్కలు పెట్టాను. మా అన్నకు అంత షోకు లేదు.

పొద్దున ఎనిమిదింటికి గేటు వేసేవాళ్లు. సాయంత్రం అయిదున్నరకు తీసేవాళ్లు. మధ్యలో ఎవరు పిలిచినా, ఎవరు చచ్చినా, చిట్టీ లేనిదే గేటు కదలదు. లోపల వరసగా ఆరు మిషన్లు. పైన గరాటులో దానా, అంటే బియ్యపు గింజల్లాంటి ప్లాస్టిక్ గింజలు పోస్తే, అవి కరిగి డై అనే అచ్చులోకి పోయి, మూతలై వేడివేడిగా కింద పడతాయి. ప్రతి మూతకూ అంచున సన్నని ప్లాస్టిక్ పోగు ఒకటి మిగిలిపోతుంది. దాన్ని మేము తోక అనేవాళ్లం. చిన్న కత్తితో తోక కొయ్యడం హెల్పరు పని. రోజంతా అదే. మూత, తోక, మూత, తోక. మొదటివారం సూపర్‌వైజరు మా అన్న పేరు పెట్టి పిలిస్తే నేను తిరిగి చూసేవాణ్ణి కాదు. "చెవుడా నీకు?" అనేవాడు. నెల తిరిగేసరికి అలవాటైంది. తర్వాత ఇంకో తంటా వచ్చింది. ఇంట్లో అమ్మ నా పేరు పెట్టి పిలిస్తే పలకడం ఆలస్యమయ్యేది.

ఒకసారి కరిగిన ప్లాస్టిక్ చేతి మీద పడి రెండు వేళ్లు కాలాయి. కార్మికుల దవాఖానలో చీటీ రాసే ఆమె కార్డు చూసి, వయసు పందొమ్మిది అని రాసింది. "పందొమ్మిదేండ్ల మొగోనివి, గింతదానికే ఏడుస్తవా?" అంది. నేను ఏడుపు ఆపేశాను. పందొమ్మిదేళ్లవాడు అంత కాలితే ఎంత ఏడవాలో నాకు తెలియదు కదా. కాలింది నాకు, చీటీ మా అన్నది, కాపాడాల్సిన మర్యాద కూడా ఆయనదే.

మిషన్ల గదికీ నీళ్ల కుళాయికీ మధ్య ఒక నడవా ఉండేది. అక్కడ గోడకు ఒక పెద్ద బోర్డు, దాని ముందు ఖాళీ డ్రమ్ములు. పేరు చివర చట్టం అని ఉంది కాబట్టి ఎవరూ దాని జోలికి పోలేదు. నేను ఒకరోజు తిండి విరామంలో డ్రమ్ము పక్కకు జరిపి చదివాను. ఇంగ్లీషు పక్కన తెలుగులో కూడా ఉంది. పద్నాలుగు నిండనివాణ్ణి ఏ ఫ్యాక్టరీలోనూ పెట్టుకోకూడదు. ఆ పైన పిల్లలకు డాక్టరు పత్రం ఉండాలి, పని చేస్తున్నంతసేపూ టోకెను ఒంటి మీద ఉండాలి. పదిహేను నిండనివాడితో రోజుకు నాలుగున్నర గంటలకు మించి చేయించకూడదు. చీకటి పడ్డాక అసలే చేయించకూడదు. నాతో పాటు ఇంకో నలుగురు చిన్న పిల్లలు ఉండేవాళ్లు. వాళ్లకు పైకి చదివి వినిపించాను. లెక్కల సారులా ప్రతి నియమానికి ముందు ప్యాంటు పైకి లాక్కున్నాను. కడుపు పట్టుకుని నవ్వారు. అందరికంటే చిన్నవాడు, సూరారం నుంచి వచ్చేవాడు, "నాలుగున్నర గంటలంటే పన్నెండున్నరకు ఇంటికి పోవచ్చా అన్నా?" అని అడిగాడు.

"పోవచ్చు. గేటు దూకగలిగితే."

మళ్లీ నవ్వారు. నేను ఆ రాత నాలుగైదుసార్లు చదువుకున్నాను. నాకప్పుడు పదిహేను నడుస్తోంది. బోర్డు మీద నా వయసు కుర్రాడికి ఒక చోటు ఉంది. అందులో మా అన్న పట్టడు, నేను సరిపోతాను. కానీ ఫ్యాక్టరీలో ఉన్నది మా అన్న. నేను ఆ గోడకు ఇవతలే ఉండిపోయాను.

తనిఖీ అధికారి వస్తున్నాడంటే వాచ్‌మన్ గేటు దగ్గర గంట రెండుసార్లు కొట్టేవాడు. చిన్న పిల్లలు నలుగురూ మెట్లెక్కి మిద్దె మీద నీళ్ల ట్యాంకు వెనక కూర్చునేవాళ్లు. వాళ్ల కాగితాల్లో వయసు సరిపోయినా మొహాలు సరిపోవు. నేను కాస్త పొడుగు, అందుకని నాకు దాక్కునే భాగ్యం లేదు. మిషన్ దగ్గరే నిలబడి మా అన్న వేషం కట్టాలి.

ఒకసారి వచ్చినాయన అందరిలాంటివాడు కాదు. కళ్లద్దాలు, చంకలో ఫైలు, నెమ్మది మాట. రిజిస్టరు చూసి ఊరుకోకుండా మిషన్ల మధ్య తిరిగాడు. నా దగ్గర ఆగాడు. పుట్టిన తేదీ అడిగితే మా అన్నది టకటకా చెప్పాను. పదో తరగతిలో సాంఘికశాస్త్రం ఎవరు చెప్పారని అడిగాడు. నాకేం తెలుసు? "తప్పిన సార్, అందుకే గుర్తులేదు" అన్నాను. ఆయన నన్ను దానా బస్తాల పక్కకు తీసుకెళ్లాడు. సూపర్‌వైజరు పదడుగుల దూరంలో ఆగిపోయాడు.

"చూడు బాబూ, నిజం చెప్తే నీకేం కాదు. నువ్వు చిన్నవాడివైతే డాక్టరు దగ్గరికి పంపిస్తాం. టోకెను ఇప్పిస్తాం. నీ పేరు మీదే, వయసును బట్టి సగం పూట పని. తక్కిన పూట చదువుకుంటావో, ఆడుకుంటావో నీ ఇష్టం. నీ వయసెంత?"

ఇంత తిన్నగా, ఇంత మెల్లగా నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. గేటు తీసి పట్టుకుని ఆయన నిలబడ్డట్టే ఉంది. నేను చేయాల్సిందల్లా ఒక అంకె చెప్పడం. నోరు తెరిచాను. అప్పటికి మిషన్లు ఆపారు, అందరూ మా వైపే చూస్తున్నారు. జనం నా వైపు చూస్తే నవ్వించకుండా ఉండలేని జబ్బు ఒకటి నాకు ఉంది.

"పందొమ్మిదే సార్. ఏమైందంటే, గీ మిషన్ల దానా తక్కువ పడితే మూత సగమే వస్తది. మా అమ్మకు గూడ నా యాళ్లకు గట్లనే దానా తక్కువ పడ్డది."

ఆపరేటర్లు పగలబడి నవ్వారు. సూపర్‌వైజరు అందరికంటే గట్టిగా నవ్వాడు. తనిఖీ అధికారి కూడా నవ్వాడు, నవ్వకుండా ఉండలేకపోయాడు. తర్వాత నవ్వు ఆపి నా మొహం కేసి ఇంకో క్షణం చూశాడు. నేను ఇకిలిస్తూనే ఉన్నాను. ఆయన ఫైలు మూసి, సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

పిల్లలు మిద్దె దిగి వచ్చారు. సూరారం వాడు అడిగాడు, "ఏమన్నడన్నా?"

"సగం పూట పని ఇప్పిస్తనన్నడు."

"మరి నువ్వేమన్నవ్?"

"జోకు జెప్పిన."

వాడికి అది కూడా గొప్పగానే అనిపించింది. "ఏం జోకు?" అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ దారి పొడుగునా చెప్పాల్సిన జవాబు చెప్పుకున్నాను. "పదిహేను సార్." ఎంత చిన్న మాట. ఆయన మళ్లీ రాలేదు. తర్వాత వచ్చినవాళ్లు ఆఫీసు గదిలో చాయ్ తాగి, రిజిస్టరు చూసి పోయేవాళ్లు.

నాకు పదహారు దాటి సగం గడిచాక మా అన్న లారీ దిగి ఇంటికి వచ్చాడు. ఈ మధ్యలో బండి నడపడం పూర్తిగా నేర్చాడు. సూరారంలో ఒక లారీ ఓనరు, లైసెన్సు చూపిస్తే తన రెండో బండి ఇస్తానన్నాడట. అది ఆదివారం. అన్నం తింటూ మా అన్న అడిగాడు.

"అమ్మా, నా టీసీ ఏడున్నదే? లైసెన్సుకు పుట్టిన తారీఖు కాగితం గావాలంట."

అమ్మ నా వైపు చూసింది. నేను పళ్లెం వైపు చూశాను.

"ఆఫీసుల ఉన్నది" అన్నాను.

"ఏ ఆఫీసుల?"

"నీ ఆఫీసుల."

నేను ఫ్యాక్టరీకి పోతున్నానని ఆయనకు తెలుసు, ఎవరి పేరుతోనో మాత్రం ఎవరూ చెప్పలేదు. మొత్తం చెప్పాను. ముందు చాలాసేపు నవ్వాడు. మా ఇంట్లో హాస్యం నా ఒక్కడి సొత్తేం కాదు.

"మరి నేను పని మంచిగ జేస్తున్ననా?"

"మంచిగనే. జర మాటలెక్కువని సార్ అంటడు."

"సెలవులు గిట్ల పెడుతున్ననా?"

"యాడాది కింద వేళ్లు కాలి మూడు దినాలు పెట్టినవ్."

"నా సంతకమెట్లుంటదిరా?"

నేను గాలిలో వేలితో గీసి చూపించాను, చివర గీత, కింద రెండు చుక్కలు. ఆయన నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. "మరి గా కాగితమెట్ల వస్తదిరా?" అన్నాడు.

బడికి వెళ్లి ఇంకో కాపీ అడిగాడు. పోయిందని పోలీస్ స్టేషన్ నుంచి కాగితం తెస్తే ఇస్తామన్నారు. బాపు ససేమిరా అన్నాడు. "పోయిందని పోలీసోళ్లకు రాసిస్తం. రేపు ఫ్యాక్టరీ బీరువల దొరుకుతది. అప్పుడు వాళ్లు నిన్నడుగుతరా, నన్నడుగుతరా?"

బుధవారం పొద్దున నేను మూతల గుట్ట ముందు కూర్చుని ఉంటే వాచ్‌మన్ వచ్చాడు. అతను మా పక్క ఊరివాడే, పెద్దమనిషి. మొహమంతా పరేషాన్.

"గేటు కాడికి రా. నీకోసం ఎవరో వచ్చిండు."

"ఎవరు తాతా?"

"నువ్వే వచ్చినవ్" అన్నాడు.

గేటు ఊచలకు అవతల మా అన్న, ఇవతల నేను. వాచ్‌మన్ మా ఇద్దరి మధ్య తాళంచెవి పట్టుకుని నిలబడ్డాడు.

"గీ పిలగాడు పేరు చెప్తే, ఆయన లోపల పనిజేస్తుండని నేనన్న. కాదు, ఆయన నేనే అంటడు. గట్లయితే లోపల ఉన్నోడెవడు? నాకు చిట్టీ మీద ఒక్క పేరే ఉన్నది. ఇద్దర్ల ఎవరో ఒక్కరే నువ్వు గావాలె."

మా అన్న ఊచల్లోంచి నన్ను చూశాడు. నా ఖాకీ చొక్కా జేబు మీద కుట్టిన తన పేరు చదివాడు.

"శనివారం దాంక జూస్తనన్నడు ఓనరు, అప్పటికి లైసెన్సుకు కాగితాలన్న పెట్టాల్నంట. తర్వాత వేరేటోనికి ఇస్తడంట" అన్నాడు. తర్వాత ఇంకా మెల్లగా, "నా పేరు నాకియ్యిరా" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది. ఏదో ఒకటి అని తప్పించుకునేవాణ్ణి.

తిన్నగా సూపర్‌వైజరు గదికి వెళ్లాను. స్టోరు గుమాస్తా కూడా ఉన్నాడు.

"సార్, నేను నేను కాదు సార్. ఈ పేరు మా అన్నది. గేటు కాడ నిలబడ్డది ఆయన. నాకు పదహారేండ్లు."

సూపర్‌వైజరు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "విన్నావా, ఇవాళ్టిది కొత్తగా ఉంది. మళ్లీ చెప్పరా, ఈయన సరిగ్గా వినలేదు."

మళ్లీ చెప్పాను. ఇంకా నవ్వారు. గుమాస్తా కళ్లు తుడుచుకున్నాడు. రెండేళ్లకు పైగా ఈ గదిలోకి వచ్చిన ప్రతిసారీ నేనే వీళ్లను నవ్వించాను. ఇప్పుడు నా నోట్లోంచి నిజం వస్తే దానికి కూడా నవ్వే వస్తుంది కాబోలు. మూడోసారి చెప్పలేదు. ఊరికే నిలబడ్డాను. నేను నవ్వకుండా అంతసేపు నిలబడడం ఆయన ఎప్పుడూ చూడలేదు. నవ్వు తగ్గింది. గుమాస్తాను బయటికి పంపి తలుపు దగ్గరికి వేశాడు.

"నాకు తెలీదనుకున్నావేంట్రా? మొదటిరోజే తెలుసు. నువ్వే కాదు, ఇక్కడ సగంమంది ఎవరి పేరుతో ఉన్నారో నాకు తెలుసు. కానీ నువ్వు చెప్పావనుకో, అప్పుడు నాకు తెలిసినట్టు అవుతుంది. అందుకే నువ్వు చెప్పలేదు, నేను వినలేదు."

"మరి టీసీ ఇయ్యండ్రి సార్."

"పని మానేస్తున్నానని రాసిస్తే ఒరిజినల్ ఇస్తాం. అది పద్ధతి."

"రాసిస్త. మళ్ల నా కాగితం మీద నన్నే తీసుకోండ్రి. పదహారు నిండినయ్. డాక్టరు రాసిస్తే చేయొచ్చని బోర్డు మీద ఉన్నది. నేనే పోయి రాయించుకొస్త."

ఆయన నన్ను కొత్తగా చూశాడు. "చదివావా అది? బోర్డు పెట్టాలని రూలు ఉంది, పెట్టాం. టోకెనువాళ్లను పెట్టుకోవాలని రూలు లేదురా. ఒక్కణ్ణి పెడితే వేరే రిజిస్టరు, దాని వెనక తనిఖీలు. మా ఓనరు ఒప్పుకోడు." కాస్త ఆగి, "పని బాగా చేస్తావు. ఇంకో ఏడాదిన్నర ఆగు, మీ అన్నను కూడా ఆగమను. అప్పుడు చూద్దాం" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నన్ను ఉంచుకోవాలనే చూశాడు. అదే చిక్కు. నన్ను ఉంచుకోవాలంటే మా అన్నను ఉంచుకోవాలి.

ఆ రెండు రోజులు అమ్మ ఇద్దరికీ సమానంగా వడ్డించింది, ఇద్దరి మొహాలూ చూడలేదు. నేను పని మానేస్తే ఇంటికి ఏం తగ్గుతుందో ఆమెకు తెలుసు, అన్నకు బండి రాకపోతే ఏం పోతుందో కూడా తెలుసు. బాపు ఒక్కసారి మాత్రం, "ఎట్లన్న గానీ, ఒకని బతుకు ఇంకొకడు ఎన్నిదినాలు పట్టుకుంటడు?" అన్నాడు. అది ఎవరితో అన్నాడో తెలియదు, గోడతో అన్నట్టే ఉంది.

శుక్రవారం పొద్దున తెల్లకాగితం తీసుకుని వెళ్లాను. స్టోరు గుమాస్తా కారణం రాయాలన్నాడు. సొంత పనుల వల్ల అని రాశాను. మా అన్న పేరుతో నేను రాసిన వాటిలో అదొక్కటే నిజం. కింద ఆ సంతకం చేశాను, గీత లాగి, చుక్కలు పెట్టి. ఇక దాని అవసరం ఎవరికీ లేదు. టీసీ ఇచ్చారు. దానితో పాటు సూపర్‌వైజరు అడగకుండానే ఇంకో కాగితం టైపు చేయించి ఇచ్చాడు. ఈ పేరుగల వ్యక్తి మా దగ్గర మూడేళ్లు మోల్డింగు విభాగంలో పనిచేశాడు, పనితనం, నడవడిక బాగున్నాయి అని. తక్కువైన నాలుగైదు నెలలు ఆయనే కలిపాడు. చదువుకుని నవ్వాను. నవ్వించాలని ఆయన రాయలేదు.

మా అన్నకు లైసెన్సు వచ్చింది, బండి వచ్చింది. నాకు పదహారేళ్ల ఎనిమిది నెలల వయసు వచ్చింది, దానితో ఏ ఫ్యాక్టరీ గేటూ తెరుచుకోలేదు. అయిదారు చోట్ల అడిగాను. అందరి గోడలకూ అదే బోర్డు ఉంది. చట్టప్రకారం నాకు పని ఇవ్వవచ్చు, అందుకే ఎవరూ ఇవ్వరు. చివరికి శామీర్‌పేట దగ్గర ద్రాక్షతోటలో చేరాను. అక్కడ వయసు అడిగేవాడు లేడు, బోర్డు లేదు, డాక్టరు లేడు. పందిరి కింద తల వంచి, పొద్దు పొడిచింది మొదలు గుంకే దాకా గుత్తుల్లో చిన్న కాయలు కత్తిరించడం. నాకు పద్దెనిమిది నిండేసరికి మెడ ముందుకు వాలి ఉండిపోయింది. మా అమ్మ "నిటారుగ నడువురా" అని గదమాయిస్తూ ఉండేది.

పద్దెనిమిది నిండిన వారానికి మళ్లీ మేడ్చల్ వెళ్లాను. ఇది వేరే ఫ్యాక్టరీ, కొత్తది, మూతలే. వెళ్లే ముందురోజు అమ్మ పెట్టెలోంచి ఆ టైపు కాగితం తీసింది.

"మూడేండ్లు పనిజేసినవని ఉన్నది కదా. గిది చూపిస్తే ఆపరేటరు పని ఇస్తరంట. వాడుకో."

మా అన్న ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. "తీస్కపో" అన్నాడు. "నాకు మోల్డింగుతోని ఏం పని? నేనెన్నడన్న చేసిన్నా?"

కాగితం చేతిలోకి తీసుకున్నాను. అందులో ఉన్న ప్రతి రోజూ నాది. ఆ వేడి, ఆ వేళ్ల బొబ్బలు, గేటు అవతల పోయే రైళ్ల చప్పుడు, అన్నీ నావి. పేరు ఒక్కటే నాది కాదు. దాన్ని చూపిస్తే రేపటి నుంచి ఆపరేటరును. ఇరవై రెండేళ్లవాణ్ణి, మళ్లీ మా అన్నను. ఆయన లైసెన్సు మీద ఆయన ఫొటో ఉంది, ఆయన బండి ఇదే వాడలోంచి సరుకు ఎత్తుతుంది. ఏదో ఒక రోజు మళ్లీ ఇద్దరం ఒకే గేటు దగ్గర నిలబడాలి. ఇలా లెక్కలు వేసుకున్నానని చెప్తాను అందరికీ. అసలు సంగతి, ఆ చొక్కా జేబు మీద ఇంకొకరి పేరు కుట్టించుకుని మళ్లీ లోపలికి పోవాలంటే నా కాళ్లు రాలేదు. కాగితం అమ్మకిచ్చి, నా ఎనిమిదో తరగతి టీసీ తీసుకుని వెళ్లాను.

"ఇంతకుముందు ఎక్కడైనా చేశావా?" అని అడిగారు.

"లేదు సార్."

"మోల్డింగు తెలుసా?"

"తెల్వదు సార్. నేర్చుకుంట."

హెల్పరుగా రాసుకున్నారు. నా పేరుతో, నా పుట్టిన తేదీతో. నేర్పడానికి ఒక ఆపరేటరును అప్పగించారు. నాకంటే ఏడాది పెద్దవాడేమో, మిషన్ ఎక్కి ఆరు నెలలే అయిందట. అతను నన్ను మూతల గుట్ట ముందు కూర్చోబెట్టి, కత్తి చేతికిచ్చాడు.

"గిట్ల వట్టుకోవాలె. మూత ఎడమచేతుల, బొటనేలు అంచు మీద. ఒక్కసారే గుంజాలె, రెండుసార్లు గోస్తే అంచు పాడైతది. చూసినవా?"

"చూసిన అన్నా."

నా చేతికి కత్తి తగలగానే వేళ్లు వాటంతట అవే మడతపడ్డాయి. వాటిని విప్పి, తెలియనివాడు పట్టుకున్నట్టు మళ్లీ పట్టుకున్నాను. ఒక్క గుంజుతో తోక పోయేలా కోస్తే, ఎక్కడ నేర్చావని అడుగుతాడు. చెప్తే కాగితం అడుగుతారు. అందుకని మెల్లగా, వంకరగా కోశాను. తోక కొంచెం మిగిలింది.

అతను మూత తిప్పి చూసి, నా భుజం తట్టాడు. "ఏం గాదు. నాకు గూడ మొదట్ల గిట్లనే వచ్చేది. నెల రోజులల్ల చెయ్యి తిరుగుతది."

"తిరుగుతదంటవా అన్నా?"

"తిరుగుతది. మాటలు వెట్టుకోకుండ చెయ్యి."

అతను నా మణికట్టు పట్టుకుని, ఓపికగా ఇంకోసారి చూపించాడు. నేను ఇంకో మూత తీసుకున్నాను. దానికి కూడా కొంచెం తోక మిగిల్చాను.